భాగహారం రాని మిషను

మొయినాబాద్,
9 మార్చి 1969

విమలక్కకు గిద్యోను వందనాలు.

ఈ తెలంగాణ గొడవల్లో చేవెళ్లలో మీ బడి కూడా మూతపడిందని బస్సు డ్రైవరు చెప్పాడు. పిల్లలు లేని పంతులమ్మకు తీరిక దొరికి ఉంటుంది కనుక ఈ ఉత్తరం చివరిదాకా చదువుతావని ఆశ. సగంలో చింపకు.

గండిపేట అవతల మా లెక్కల కేంద్రంలో నేను నడిపే కంప్యూటరును నువ్వు ఒకసారి చూసి, "బీరువాకు కరెంటు పెట్టిండ్రు" అని నవ్వావు. ఆ బీరువాకే ఇప్పుడు చావొచ్చింది. కిందటేడు విదేశం నుంచి దిగిన మా డైరెక్టరు కొత్త మిషను తెప్పిస్తాడట. దాన్ని నడిపే మనుషులు కూడా బయటినుంచే వస్తారట. పాతది తుక్కు కింద పోతుంది. దాన్ని నడిపే ఐదుగురం, నేనూ మాణిక్యమూ ఇంకా ముగ్గురూ, ఇంటికి పోతాం. ఐదుగురమూ ముల్కీలమే, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లమే. బయట రోడ్ల మీద మన ఉద్యోగాలు మనకేనని జనం గొంతులు చించుకుంటుంటే లోపల జరుగుతున్నది ఇదీ.

ఊరుకోలేక, కొత్తది చేసే పని పాతది కూడా చేస్తుందని ఆయనతో అనేశాను. ఆయన నోట్లో పైపు తీయకుండా గోడ అలమారాలోంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో చిల్లులు పొడిచిన కార్డులు పదకొండు వందలు. ఉత్తరాదిలో ఒక కాలేజీవాళ్లు కొత్తరకం మిషను కోసం రాసిన చదరంగం ప్రోగ్రాం అది. ఆ కార్డులు మింగిందంటే మిషను మనిషితో చదరంగం ఆడుతుంది. జూన్ నెలలోపల దీన్ని నీ పాత మిషను మీద ఆడించి చూపించు, ఆడితే అదీ ఉంటుంది మీరూ ఉంటారు అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు. ఆయన నోట తెలుగు ముక్క నేను ఇంతవరకు వినలేదు.

పెట్టి చూశాం. మొదటి కట్ట దాటకముందే ఆగిపోయింది. కారణాలు రెండు. కొత్త మిషను నలభై వేల అంకెలు గుర్తు పెట్టుకుంటుంది, మాది ఇరవై వేలే. కొత్తదానికి భాగహారం పుట్టుకతో వస్తుంది, మాదానికి రాదు. కూడిక, తీసివేత, హెచ్చవేత వచ్చు. అంతే.

నాకు మిషను తెలుసు, చదరంగం అంతంతమాత్రం. నీ అంత ఆడేవాళ్లను నేను చూడలేదు. ఏది తీసేస్తే ఆట చెడకుండా సగానికి తగ్గుతుందో చెప్పు. ఐదిళ్ల అన్నం సంగతి.

నీ తమ్ముడు
గిద్యోను

చేవెళ్ల,
14 మార్చి 1969

మిషను సారు గిద్యోను గారికి,

చింపలేదు. పైగా రెండుసార్లు చదివాను, ఇంత హాస్యం ఈ మధ్య దొరకడం లేదు.

మా మూడో తరగతి పిల్లలు భాగహారం చేస్తారు. శేషం కూడా రాస్తారు. వాళ్లకు గది నిండా జాగా అక్కర్లేదు, ఒక్కొక్కరికి ఐదుగురు జీతగాళ్లు అక్కర్లేదు, తలా ఒక పలక చాలు. భాగహారం రాని మిషనును నెత్తిన పెట్టుకుని, అది కొత్తదానితో సమానమని డైరెక్టరు ముందు కోతలు కోసి వచ్చావు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టుంది నీ యవ్వారం.

నీ ఉత్తరం సంగయ్యకు చదివి వినిపించాను. సంగయ్య అంటే తెలుసుగా, గింజల వ్యాపారం, సాయంత్రం కాగానే మా వరండాలో చదరంగం పరిచి నా చేతిలో ఓడిపోయి పోతాడు. పంతులమ్మ మగవాళ్లతో ఆడుతుందని ఊరు అనుకుంటుంది. అనుకోనీ. అంతా విని ఆయన, "మిషను ఆడితే గెలుపు ఎవలకు? కరెంటోళ్లకా?" అన్నాడు. నీ డైరెక్టరుకన్నా తెలివైన ప్రశ్న అది.

సరే, ఐదిళ్ల అన్నం అన్నావు కనుక అడుగుతున్నాను. మాణిక్యం పెళ్లాం మా ఊరి పిల్లే, ఇప్పుడు మూడో నెల. ఆ ముఖం చూసి అడుగుతున్నాను, నీ ముఖం చూసి కాదు. చదరంగంలో భాగహారం ఎందుకు? నేను ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, ఒక్కసారీ భాగించలేదు. అది ఏ నియమాలు చూసి ఆడుతుందో, ఏ నియమం ఎంత జాగా తింటుందో అన్నీ వరసగా రాసి పంపు. పరీక్ష రాసినట్టు సగం సగం రాయకు.

విమలమ్మ

మొయినాబాద్,
30 మార్చి 1969

విమలక్కకు,

నీ ఎగతాళి అందింది. మాణిక్యానికి చదివి వినిపిస్తే, "అక్క తిట్టిందంటే పని జేస్తదన్నట్టే" అని సంబరపడ్డాడు.

భాగహారం ఎందుకంటే, వాళ్లు గడులకు ఒకటి నుంచి అరవై నాలుగు దాకా అంకెలు వేశారు. పావు నలభై మూడో గడిలో ఉందంటే అది ఏ వరుసో తెలియడానికి ఎనిమిదితో భాగించాలి. ఒక్క ఎత్తు వేయడానికి వందలసార్లు భాగిస్తుంది. భాగహారాన్ని తీసివేతలుగా మార్చి చూశాను. ఒక్క ఎత్తుకు రెండు గంటలు పట్టింది. మా మిషనుకు ఒక సుగుణం ఉంది, ఎంత పెద్ద సంఖ్యనైనా ఏ అంకెకు ఆ అంకె విడదీసి చూస్తుంది. కానీ ఇక్కడ దానితో ఏం లాభమో నాకు తోచలేదు.

జాగా సంగతి. పుస్తకాల్లోని పేరున్న ఆటల మొదటి ఎత్తుల పట్టికకు పన్నెండు వేల అంకెలు. బంటు మొదట రెండు గడులు పోవడం, అట్లా పోయినదాన్ని పక్కబంటు చంపడం, రాజూ ఏనుగూ చోట్లు మార్చుకుని కోట కట్టడం, చివరి గడి చేరిన బంటు ఏది కావాలంటే అది కావడం, వీటన్నిటికీ కలిపి ఎనిమిది వేల పైన. మిగిలింది పావుల నడక, లాభనష్టాల లెక్క.

ఇది చిన్నప్పుడు ఇంట్లో మన బాపు మనకు నేర్పిన పల్లెటూరి చదరంగం కాదక్కా, నిజం చదరంగం. లోకమంతా ఆడేది. అందుకని జాగ్రత్తగా చూసి చెప్పు.

మొన్న మా బస్సు మీద రాళ్లు పడ్డాయి. నాకేం కాలేదు, ఫికర్ చేయకు.

గిద్యోను

చేవెళ్ల,
7 ఏప్రిల్ 1969

గిద్యోనుకు,

నిన్న ఈస్టరు ఆరాధన అయ్యాక నీ జాబితా ముందేసుకుని కూర్చున్నాను. భోజనానికి పిలిచినవాళ్లింటికి కూడా పోలేదు. ఆ మటన్ కూర నీ ఖాతాలో రాసుకో.

గడులకు అరవై నాలుగు దాకా అంకెలు వేసిన మహానుభావుణ్ణి నా బడికి పంపు, చెవి పిండుతాను. మొదటి వరుస మొదటి గడి 11. దాని పక్కది 12. రెండో వరుస మొదటి గడి 21. చిట్టచివరిది 88. మొదటి అంకె వరుస, రెండో అంకె ఆ వరుసలో ఎన్నో గడి. 47 అంటే నాలుగో వరుస, ఏడో గడి. నీ మిషను అంకెలు విడదీసి చూస్తుందన్నావు. చూడమను. ఇక భాగించేదేముంది? సుగుణం ముందు పెట్టుకుని ఏం లాభమో తోచలేదని రాసిన తమ్ముణ్ణి ఏమనాలో నాకూ తోచలేదు.

ఇక జాగా. ఆ మొదటి ఎత్తుల పట్టిక మొత్తం తీసి పారెయ్యి. బట్టీ కొట్టిన పిల్లలను నేనే పాస్ చేయను. రెండు గడుల బంటు, పక్కబంటు చంపడం, కోట, అన్నీ తీసెయ్యి. బంటు ఒక్క గడే నడవాలి. చివరికి చేరినది ఏ పావు ఇంటికి చేరితే ఆ పావే కావాలి, దానికి నాలుగు కార్డులు చాలు. కోటకు బదులు రాజుకు ఒక్కసారి, అవతలివాడు షా అని రాజుకు గురిపెట్టకముందు, గుర్రంలా దూకే హక్కు. గుర్రం నడక ఎలాగూ రాసే ఉంది, దాన్నే రాజుకు ఒక్కసారి అప్పివ్వు. లెక్క వేసి చూశాను, ఇరవై వేలలోపల వస్తుంది.

అవును, అది బాపు నేర్పిన ఆటే. నీ పాత మిషనుకు సరిపోయింది అదే. పల్లెటూరిదని ముక్కు చిట్లించావుగా, కొత్త ఒక వింత పాత ఒక రోత అని. ఆ రోత ఆటే నీ అన్నం నిలబెట్టబోతున్నది.

ఒక్కటి మరవకు. రాజు దూకుడు లేకపోతే మన ఆటలో రాజుకు దిక్కుండదు. అది తప్పకుండా పెట్టు.

విమలమ్మ

మొయినాబాద్,
11 మే 1969

విమలక్కకు,

ఆడింది. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు మా బీరువా మొదటిసారి చదరంగం ఆడింది. ఒక్కో ఎత్తుకు పన్నెండు నిమిషాలు. మాణిక్యం దానితో ఆడి ఓడిపోయాడు, ఓడిపోయి ఎగిరి గంతేశాడు. నువ్వు చెప్పినట్టే రెండంకెల లెక్క. ఆ లెక్క ఎవరిదని అడిగారు. నాదేనని అన్నాను. కోపం తెచ్చుకోకు, ఆ సమయానికి అట్లా వచ్చేసింది.

అన్నీ పోను మూడు వందల అరవై అంకెల జాగా మిగిలింది. రాజు దూకుడుకు అది సరిగ్గా సరిపోయేది. కానీ నేను అక్కడ ఇంకొకటి పెట్టాను. ఆట మొదలయ్యే ముందు మిషను తనంతట తానే గుడ్ మార్నింగ్ సర్ అని టైపు కొడుతుంది. చూసినవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. విదేశంలో చదివినవాడు మా డైరెక్టరు, ఆయన ముందు రాజు గుర్రంలా గంతులేస్తే ఏం బాగుంటుంది చెప్పు. ఇది ఏ చదరంగమో కూడా ఆయనకు చెప్పలేదు. అవతలి పక్క మాణిక్యాన్నే కూర్చోబెడతాను, వాడు ఏ ఎత్తు వేయాలో వాడికి తెలుసు. సారు నిలబడి చూస్తాడు, చూసి వెళ్తాడు. అంతా నేను చూసుకుంటాను.

గిద్యోను

చేవెళ్ల,
20 మే 1969

గుడ్ మార్నింగ్ సర్ గారికి,

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. రాజు ప్రాణం కాపాడే జాగాలో సలాం పెట్టించావు. నీ మిషనుకు భాగహారం రాదు, నీకు సిగ్గు ఎక్కడ పడాలో రాదు. మీ ఇద్దరికీ సరిపోయింది.

నా లెక్క నీదని చెప్పుకున్నందుకు కోపం లేదు. చిన్నప్పుడు నా పలక చూసి రాసేవాడివి, అలవాటు పోలేదు. కోపం దేనికంటే, ఆ డైరెక్టరుకు ఇది ఏ ఆటో చెప్పకుండా దాచావు. రేపు ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని బంటును రెండు గడులు జరిపితే మిషను ఏం చేస్తుంది? గుడ్ ఈవినింగ్ సర్ అంటుందా?

చెప్పు. ఇది ఇక్కడి చదరంగం సార్, మిషనులో పట్టినంత ఆటే ఆడుతుంది అని ముందే చెప్పు. చెప్పి ఆడిస్తే అది పనితనం, చెప్పకుండా ఆడిస్తే మోసం. ఆ సలాం తీసి దూకుడు పెట్టు. కార్డుల మీద ఏం పొడవాలో అంకెలతో సహా వెనక కాగితం మీద రాశాను.

విమలమ్మ

మొయినాబాద్,
22 జూన్ 1969

విమలక్కకు,

సమ్మెలు, బందులు, మధ్యలో పట్నంలో కర్ఫ్యూ. అందుకే ఇన్నాళ్లు రాయలేదు. గురువారం పరీక్ష అయిపోయింది. పద్నాలుగో ఎత్తు దాకా మిషను చక్కగా ఆడింది. తర్వాత ఆగిపోయింది. పాతది కదా, ఎంతని లాగుతుంది. చేయవలసింది చేశాం, దాని ఆయుష్షు అంతే. డైరెక్టరు తుక్కుకు రాసేశాడు. మాణిక్యం వాళ్లకు జూలై ఆఖరు దాకా జీతం ఇస్తారు.

నన్ను మాత్రం కొత్త మిషను మీదికి తీసుకుంటామన్నారు. ఇంతదాకా తెచ్చినవాడివి కనుక నువ్వు పనికొస్తావన్నాడు. జీతం కూడా పెరుగుతుంది. వచ్చే నెల నీకు చీర కొంటాను. ఏ రంగు కావాలో రాయి.

గిద్యోను

చేవెళ్ల,
29 జూన్ 1969

గిద్యోనుకు,

చీర అక్కర్లేదు.

నిన్న మాణిక్యం తన పెళ్లాన్ని చూడటానికి ఇక్కడి అత్తగారింటికి వచ్చాడు. దారిలో మా వరండాలో కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగలేదు. అతను అన్నది అన్నట్టు రాస్తున్నాను, నువ్వే చదువుకో.

"సారు నన్ను లెవ్వమని తనే కూసున్నడు అక్కా. బంటును ఒక్క గడే జరిపిండు. మా పానం నిమ్మళమైంది. పద్నాలుగో ఎత్తుకు రాజును గుర్రం లెక్క దుంకిచ్చిండు. మిషను తప్పు ఎత్తు అని కొట్టి ఆగిపోయింది. సారు పైపు తీసి నవ్విండు. 'అరే, మా షాలిబండల చిన్న పిల్లగానికి సుత తెలుస్తది గిది' అన్నడు. తెలుగుల అన్నడక్కా. 'ఇది మిషను తప్పా, రాసినోని తప్పా' అని అడిగిండు. గిద్యోను, 'మిషనే సార్, పాతది, జాగ సాలది' అన్నడు. నేనేమనాలె? ఒక్క కంచంల తిన్నోళ్లం."

మన పట్నం పాతబస్తీ షాలిబండలో పుట్టినవాణ్ణి పరాయి దొర అనుకుని బాపు ఆటను దాచావు. ఆయన సరిగ్గా బాపు ఆటే ఆడాడు. అక్కడికి అది మూర్ఖత్వం, క్షమించవచ్చు. ఆయన అడిగాక నువ్వు చెప్పింది మూర్ఖత్వం కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నావు. నోరు లేని మిషను మీద తోసి, నలుగురి నోటికాడి కూడు తీసి, నువ్వొక్కడివి కొత్త కుర్చీ ఎక్కావు. దాన్ని నాకు రాసేటప్పుడు ఆయుష్షు తీరిందని రాశావు.

పోయి నిజం చెప్పు. చెప్పానని శనివారంలోపల నాకు ఉత్తరం రావాలి. రాకపోతే నేను చేసేది నేను చేస్తాను.

విమలమ్మ

మొయినాబాద్,
2 జూలై 1969

అక్కకు,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. మూడోసారి అయ్యాక ఈ కాగితం తీసుకున్నాను.

నిజమే. ఆయన అట్లా నవ్వేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. మా అక్క పెట్టమని చెప్పింది, నేనే తీసేశాను అని ఎట్లా చెప్పేది? నోట్లోంచి మిషనే సార్ అని వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. కొత్త మిషను మాట ఆయన ఎత్తాక ధైర్యం మాట అటుంచు, ఆశ కూడా పుట్టింది. ఇంతకన్నా నన్ను ఏం తిడతావు.

అయినా పైపు పెట్టుకున్న ఆ దున్నపోతు షాలిబండలో పుట్టి ఇంగ్లీషు దొరలా తిరిగితే నాకేం తెలుస్తుంది? నీకూ ఒక మాట. నీకు తమ్ముడి మీదకన్నా పావుల మీద ప్రేమ ఎక్కువ. పావు తప్పు గడిలో పెడితే నెమ్మదిగా సరిచేస్తావు, నన్ను మాత్రం చింపి పోగులు పెడతావు.

డైరెక్టరు ఢిల్లీ పోయాడు. సోమవారం ఏడో తేదీన వస్తాడు. ఆ రోజు పొద్దున్నే పోయి చెప్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. మాణిక్యానికి ఇంకా చెప్పలేదు, చెప్పాక వెనక్కి తగ్గితే ముఖం చూపించలేను. నీకే చెబుతున్నాను. నీకు చెప్పానంటే ఇక తప్పించుకోలేను, అందుకే.

గిద్యోను

చేవెళ్ల,
5 జూలై 1969

గిద్యోనుకు,

శనివారం అయింది. నీ ఉత్తరం రాలేదు.

రెండు రోజులుగా టపా బస్సు రావడం లేదని పోస్టుమాస్టరు అన్నాడు. నువ్వు రాసి ఉంటే కదా బస్సు మీద నెపం వేయడానికి. నువ్వు రాయవు. నాకు తెలుసు నువ్వెంతవాడివో. కొత్త కుర్చీ మెత్తగా ఉంటుంది.

మీ డైరెక్టరుకు ఉత్తరం రాశాను. తప్పు మిషనుది కాదనీ, దూకుడు తీసేయమని ఎవరూ చెప్పలేదనీ, నువ్వే తీసి సలాం పెట్టావనీ రాశాను. పొడవాల్సిన అంకెలు కూడా రాశాను, మాణిక్యం పది నిమిషాల్లో కార్డులు మార్చి ఆడించి చూపిస్తాడు. ఇవాళ మళ్లీ సైకిలు మీద అత్తగారింటికి వచ్చిన మాణిక్యం వద్దని బతిమాలాడు. "వాడు నాకు తమ్ముని లెక్క అక్కా" అన్నాడు. నీకు తమ్ముడైతే నాకేమిటని అడిగి, బలవంతాన చేతిలో పెట్టాను. సోమవారం ఆఫీసు తెరవగానే ఇస్తాడు. నీకు రాసిన ఈ ఉత్తరం కూడా మాణిక్యం చేతికే ఇస్తున్నాను.

ఇక చీరలు, జీతాలు నాకు రాయకు.

విమలమ్మ

మొయినాబాద్,
8 జూలై 1969

అక్కకు,

నిన్న బస్సులు లేవు. మొయినాబాద్ నుంచి నడిచిపోయాను. పోయేసరికి పదిన్నర. లోపల మిషను టైపు కొడుతున్న చప్పుడు. మాణిక్యం అప్పటికే కార్డులు మార్చి ఆడిస్తున్నాడు, డైరెక్టరు పక్కన నిలబడి ఉన్నాడు, రాజు గుర్రంలా దూకాడు, మిషను ఒప్పుకుని తన ఎత్తు వేసింది. నాకు ఒక్క నిమిషం ఏం జరుగుతున్నదో అర్థం కాలేదు.

తలుపు దగ్గరే నిలబడి, "సార్, తప్పు మిషనుది కాదు, నాది. చెప్పాల్నని నడిచొచ్చిన" అన్నాను. దారంతా ఈ మాటే అనుకుంటూ పోయాను కనుక ఆగకుండా వచ్చింది. ఆయన బల్ల మీది నీ ఉత్తరం ఎత్తి చూపించాడు. "గంట కింద వస్తే నీ మాట ఇనేటోన్ని. ఇప్పుడు నువ్వు చెప్పేది మీ అక్క చెప్పిందే గద" అన్నాడు. అబద్ధం చెప్పినందుకు నన్ను తీసేస్తున్నట్టు కాగితం అప్పటికే టైపు అయింది.

మిషను ఉంటుంది. వాళ్లు నలుగురూ ఉంటారు. అది నాకు సంతోషమే, నువ్వు నమ్మకపోయినా. మాణిక్యం నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నీ ఉత్తరం ఇస్తూ, "ఇచ్చేముందు నీకోసం తొమ్మిదిదాంక గేటుకాడ చూసిన" అన్నాడు.

నేను నీకు బుధవారమే రాశాను. ఇవాళో రేపో అందుతుంది. అందినప్పుడు తేదీ చూసుకో, పోస్టు ముద్ర కూడా చూసుకో. ఐదు రోజులు. ఐదు రోజులు తమ్ముణ్ణి నమ్మలేకపోయావు.

ఇక రాయకు.

గిద్యోను

చేవెళ్ల,
17 జూలై 1969

తమ్మీ,

నీ ఉత్తరాలు రెండూ శనివారం ఒక్కసారే వచ్చాయి. పోస్టుమాస్టరు తెచ్చి ఇస్తూ, "రెండో తారీకుది గండిపేట కాడ సంచిల పడి ఉన్నదట పంతులమ్మా" అన్నాడు. ముద్ర చూశాను. నువ్వు చూసుకోమన్నందుకు కాదు, కళ్లు అక్కడికే పోయాయి.

బస్సు రాలేదని నాకు తెలుసు. తెలిసి కూడా నువ్వు రాయలేదనే అనుకున్నాను. అనుకోవడం నాకు సులువుగా ఉండింది. ఇన్నేళ్లుగా నిన్ను అట్లాగే అనుకుంటూ వచ్చాను. తప్పు చేసిన పిల్లవాడు తనంతట లేచి నిలబడేదాకా ఆగాలని ప్రతి ఏడూ బడిలో చెప్తాను. నేను ఆగలేదు. నువ్వు చేసిన తప్పుకు నువ్వు నడిచిపోయి తల వంచావు. నేను చేసినదానికి తల వంచడం నాకు ఇంతకాలం రాలేదు.

మంగళవారం మీ కేంద్రానికి పోయాను. నీ రెండో తారీకు ఉత్తరం డైరెక్టరు చేతిలో పెట్టాను. అందులో ఆయన్ని దున్నపోతు అన్నావని తెలిసే పెట్టాను. ఆయన మొత్తం చదివాడు. ఆ మాట దగ్గర ఆగి, మళ్లీ చదివాడు. "మీ ఉత్తరం కన్న ముందే ఒప్పుకుందామనుకున్నడు. తారీకు సాఫ్‌గ ఉన్నది" అన్నాడు. మరి తీసుకోండి సార్ అన్నాను. నిన్ను తీసేసిన ఆర్డరు పై కమిటీకి పోయిందనీ, ఇక తన చేతిలో లేదనీ అన్నాడు. బతిమాలాను. నేను బతిమాలడం నువ్వు ఎప్పుడూ చూడలేదు, చూస్తే నవ్వేవాడివి.

లేవబోతుంటే, "ఆ రెండంకెల లెక్క మీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. "ఇక్కడ ఒక కుర్చీ ఖాళీ ఉన్నది. మీరు జేస్తరా?" అన్నాడు. జీతం కూడా చెప్పాడు, నా పంతులమ్మ జీతానికి రెండింతలు. మాణిక్యం తలుపు అవతల నిలబడి ఉన్నాడు, విన్నాడు.

"ఖాళీ లేదు సార్, అది మా తమ్ముని జాగ" అని లేచి వచ్చాను.

తిరుగు బస్సు మొయినాబాద్‌లో పది నిమిషాలు ఆగింది. చాయ్ హోటల్ ముందు బల్ల మీద నువ్వు కూర్చుని ఉన్నావు. గడ్డం పెరిగింది. చాయ్ చల్లారిపోయింది, నువ్వు తాగడం లేదు. నేను లేచి తలుపు దాకా వచ్చాను. కండక్టరు, "దిగుతరా అమ్మా?" అన్నాడు. నిన్ను ఎగతాళి చేయడానికి ఒక్కనాడూ మాటలు వెతుక్కోలేదు, ఆ రోజు ఒక్క మాట దొరకలేదు. వెనక్కి పోయి కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు.

రాయొద్దన్నావు, రాశాను. నన్ను తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి.

అక్క